మూఢాల్లో పోయిన పుస్తెలతాడు

పుస్తెలతాడు పోగొట్టుకోవడానికి కూడా ఒక వేళ ఉంటుంది. సృజన సరిగ్గా మూఢాల్లో పోగొట్టుకుంది. మామూలు రోజుల్లో అయితే కొత్త పుస్తెలు చేయించుకోవచ్చు. మూఢాల్లో పుస్తె చేసిపెట్టే అవుసలాయన కాగజ్‌నగర్ అంతా గాలించినా దొరకడు. శుక్రుడు మళ్లీ కనపడేదాకా ఆగాల్సిందే.

అత్త లస్మవ్వ కోడలి మెడలో పసుపుకొమ్ము కట్టిన దారం వేసింది. కొడుకు సదానందాన్ని కూచోబెట్టి ఒక్కటే మాట అంది.

"పెండ్లాం మెడల పుస్తె లేకుంట నువ్వు ఇమానం ఎక్కుతె నేను బాయిల దుంకుత. దొరికినంకనే పో."

సదానందానికి అదే పెద్ద పరేషాన్. షార్జాలో అతను పనిచేసే పాత ఇనుము యార్డు వాళ్లు సెలవు ఈ వారంతో సరి అన్నారు. రాకపోతే వీసా రద్దు. మూఢాలు పోయేసరికి ఉద్యోగం కూడా పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

దేవుడి దయవల్ల మిషన్ ఒకటి ఉంది. యార్డులో ఇసుకలో పూడిన లోహపు ముక్కల్ని పసిగట్టే మిషన్ అది. పాతదైందని మూల పడేస్తే అడిగి సామానులో పెట్టుకొచ్చాడు. ఎందుకు తెచ్చావురా అంటే అప్పుడు చెప్పలేకపోయాడు. ఇప్పుడు దాన్ని భుజాన వేసుకుని పత్తి చేను చివరికి, అడవి తగిలే అంచుకు పోతున్నాడు. పుస్తెలతాడు అక్కడే తెగిందని సృజన చెప్పింది మరి.

మిషన్ కుయ్యిమంటుంది, ఈయన గుద్దలి దింపుతాడు. గుట్కా ప్యాకెట్ వస్తుంది. మళ్లీ కుయ్యిమంటుంది, ఎద్దు కాలి నాడా వస్తుంది. ఆ నాడా మేకు అరచేతిలో దిగింది. మర్నాడు గుద్దలి జారి బొటనవేలి మీద పడితే గోరు నల్లబడింది. తుమ్మముల్లు మడమలో విరిగింది. రోజుకో గాయం, రోజూ లస్మవ్వ పసుపు. ఇంట్లో కూరకన్నా కొడుకుకే పసుపు ఎక్కువ ఖర్చవుతోంది. సృజన మాత్రం ఏమీ అనకుండా గాయాలకు గుడ్డలు కట్టేది.

ఆ రోజు పొద్దెక్కాక మిషన్ ఒక చోట ఆగకుండా మొత్తుకుంది. సదానందం గుద్దలి అందుకున్నాడు. దొరికింది, ఇంక టికెట్ చేసుకోవచ్చు అనుకుని ఆకుల్లోకి ఒక్క అంగ వేశాడు. చీలమండ పైన ఏదో చటుక్కున బిగిసింది. చూస్తే ఉచ్చు. అడవిపందుల కోసం ఎవడో బైకు క్లచ్ వైరుతో పెట్టి, మోదుగు మొద్దుకు కట్టిపోయాడు. మిషన్ అరిచింది దాన్ని చూసే.

భయపడి గుంజాడు. గుంజినకొద్దీ వైరు చర్మంలో దిగింది. వేళ్లతో సడలిద్దామంటే బొటనవేలు వాచి ఉంది, ఎడమచేతి చిటికెన వేలు పోయినసారి షార్జా నుంచి వచ్చినప్పటి నుంచీ వంగదు. ఫోన్ దూరంగా గట్టు మీద బండి సంచిలో ఉంది.

అరవొచ్చు కదా అంటారు. ఎట్లా అరుస్తాడు? చేతిలో మిషన్, పక్కన గుద్దలి, చుట్టూ తవ్విన గుంతలు. పోయిన నెలే పక్క ఊళ్లో ఇట్లాంటి మిషన్‌తో తిరిగిన వాళ్లను లంకెబిందెల దొంగలని స్తంభానికి కట్టేశారు. పెండ్లాం పుస్తె వెతుకుతున్నా అంటే నమ్మేదెవరు? పైగా కాలికి పంది ఉచ్చు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని కూచున్నాడు. కాలు మంటపుడుతోంది. షార్జాలో కంటెయినర్ తలుపు మూసుకుపోయి లోపల ఇరుక్కున్న రోజు గుర్తొచ్చింది.

సద్దిగిన్నె, కొడవలి పట్టుకుని సృజన వచ్చేదాకా అట్లాగే ఉన్నాడు. ఆమె చూసి, రెండూ కింద పెట్టి, పక్కన కూలబడింది.

"గుంజకు. గుంజుతె ఇంక బిగుస్తది" అంది.

గడ్డిలో పడున్న మిషన్ కుయ్యిమంది.

"గిన్నెకు మొత్తుకుంటుంది, జర దూరం పెట్టు" అన్నాడు సదానందం.

ఆమె గిన్నెను, కొడవలిని దూరం జరిపింది. మిషన్ ఆగలేదు. దాని కొసన ఉండే చక్రం సృజన నడుము పక్కనే ఉంది. సదానందం మిషన్‌ను ఇవతలికి లాగాడు, ఊరుకుంది. మళ్లీ ఆమె నడుము దగ్గర పెట్టాడు, అరిచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

సృజన బొడ్లో దోపుకున్న సంచి తీసింది. అందులోంచి పుస్తెలతాడు బయటికి వచ్చింది.

"గీ చేన్ల ఎన్నడు పోలే. మూఢాలని సూసే దాసిన" అంది.

సదానందానికి కోపం వచ్చింది, లేచి నిలబడబోయాడు, వైరు మళ్లీ కూలేసింది.

"నా నౌకరి పోతది, తెల్సా నీకు?"

"తెల్సు. పోయినసారి వేలు ఇచ్చి వచ్చినవ్. కారు తలుపుల వడ్డదన్నవ్. నీ రూంల ఉండే లక్ష్మీరాజం ఆయన పెండ్లాంకు చెప్పిండు, ఆమె నాకు చెప్పింది. ఇనుము వత్తే ప్రెస్సు మిషన్ల వడ్డదట. గీసారి ఏమిచ్చి వస్తవ్?"

సదానందం వంగని వేలిని రెండో చేత్తో కప్పుకున్నాడు. ఆమె కొడవలి అందుకుని, దాని మొనతో ముడి కింద వైరును ఎత్తి మెల్లగా వెనక్కి తోసింది. ఉచ్చు సడలింది. కాలు బయటపడింది, చుట్టూ ఎర్రటి గాటు. కొంగు చింపి కట్టింది. పుస్తెలతాడు అతని చేతిలో పెట్టింది.

"పోతనంటె ఇప్పుడే కట్టు. దొరికిందని అవ్వకు చెప్పు. నేను అడ్డం రాను."

సదానందం కట్టలేదు. అంగీ జేబులో వేసుకున్నాడు. ఇంటిదాకా ఆమె భుజం పట్టుకుని కుంటుతూ నడిచాడు. వాకిట్లో అవ్వ కనపడగానే ఆగి, జేబు పక్కన కుయ్యిమంటున్న మిషన్ బంద్ చేశాడు.

"మల్ల దెబ్బ తాకించుకున్నవా కొడుకా" అంటూ లస్మవ్వ పసుపు డబ్బా పట్టుకుని ఎదురొచ్చింది. "పుస్తె దొరికిందా?"

సృజన తల వంచుకుని మెడలోని పసుపుకొమ్మును పట్టుకుంది.

"దొరకలే అవ్వా" అన్నాడు సదానందం. "రేపు మల్ల పోయి తవ్వుత."