మేరుధారలో ఇద్దరు వాటాదారులు

మజ్జిగ గ్లాసు తెచ్చి ముందు పెట్టారు. దేవపాలు ముట్టుకోలేదు.

"తాగవా?" అంది పెంచలమ్మ.

"నా నీళ్లు నా సంచిలో ఉండాయమ్మా."

"ఎవురింట్లోనూ ఏమీ ముట్టవంట గదా. శానా తెలివైనోనివి." ఆమె తల తిప్పకుండానే చెయ్యి ఊపింది. ఆమె అనుచరుడు సుబ్బరాయుడు గేటు మూసి గడియ పెట్టాడు. అతని లుంగీ మడతలో ఏముందో దేవపాలుకు తెలుసు.

వేముల దగ్గరి ఆ ఊరు పెంచలమ్మ మాట మీద నడుస్తుంది. రెండేళ్ల కిందట ముద్దనూరు రోడ్డులో ఆమె భర్త జీపు మీద బాంబులేశారు. వేయించినవాడు జమ్మలమడుగు తిమ్మారెడ్డి. ఆయనది అధికార పార్టీ, ఈమెది ప్రతిపక్షం. భర్త పోయాక వర్గాన్ని ఆమే నడుపుతోంది.

దేవపాలు ఏ వర్గం మనిషీ కాడు. ఒకప్పుడు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా ఈ ఊళ్లన్నీ తిరిగాడు. ఇప్పుడు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో చిన్న గది తీసుకుని షేర్లు కొనిపెడుతున్నాడు. ఈ సీమలో ఒకరింట్లో తిన్నవాడు ఆ ఇంటి మనిషి. అది తెలిసినవాడు కాబట్టే ఎక్కడికి పోయినా తన సీసాలోని నీళ్లే తాగుతాడు. ఇన్నాళ్లూ అతని ప్రాణాన్ని కాపాడింది ఆ సీసాయే.

"మేరుధార మందుల కంపెనీలో ఎందుకు దుడ్లు పెట్టాలని చెప్తివి? మళ్లా చెప్పు" అంది పెంచలమ్మ.

దేవపాలు గొంతు సవరించుకున్నాడు. "కడుపులో పుండుకు వాడే మాత్రమ్మా. అమెరికాలో దాని మీద ఒకే కంపెనీకి హక్కు ఉండె. ఆ గడువు అయిపోతాంది. ఇంగ ఎవురైనా చేసి అమ్మొచ్చు. మేరుధార వాళ్లు హైదరాబాదులో సగం ఖర్చుకే చేస్తారు. కంపెనీ ఓనర్లు తమ వాటా ఒక్కటీ అమ్ముకోలే, ఇంకా కొంటాండారు."

"చెడగొట్టేది ఎవురు?"

"అమెరికా తనిఖీ వాళ్లు. ఫ్యాక్టరీ శుభ్రంగా లేదని వాళ్లు ఒక్క మాట అన్నారంటే ఆడికి సరుకు పోదు. లాభంలో సగం ఆ ఒక్క మాత్రదే. రేటు నిలవదు. ఈ మాట కొన్న రోజే చెప్పినానమ్మా."

"చెప్పినావు. ఇంగో మాట చెప్పలే." ఆమె ముందుకు వంగింది. "దాంట్లో తిమ్మారెడ్డి ఉండాడా లేదా?"

దేవపాలు మూసిన గేటు వైపు చూశాడు. అబద్ధమాడితే ఇక్కడే పూడ్చేస్తారు. నిజం చెప్పినా అంతే కావచ్చు.

"ఉండాడమ్మా. నేనే కొనిచ్చినా. అయితే దాంట్లో వేలమంది ఉంటారు, ఒకరి ముఖం ఒకరికి తెలీదు..."

"వేలమంది నాకెందుకురా? నా మొగుణ్ణి చంపినోనితో నన్ను పొత్తు కలిపితివి! వానికి గొరిగే మంగలి నా గడప తొక్కడు. వాడు ఎక్కే బస్సు నా మనిషి ఎక్కడు. ఒక కంపెనీ లాభం ఇద్దరమూ పంచుకుని తినల్లా?"

గ్లాసు ముట్టకపోతే చాలనుకున్నాడు దేవపాలు. షేరు కూడా ఒకే పంక్తిలో కూర్చోబెట్టే విస్తరేనని అతనికి తట్టనే లేదు.

"మీవి అమ్మేస్తానమ్మా."

"నేనెందుకు లేస్తా? వాణ్ణి లేపు. అమెరికావోళ్లు తప్పు పట్టినారని చెప్పు. భయపడి అమ్ముతాడు."

"అది అబద్ధం గదమ్మా!"

"అందుకే చెప్పమంటాండేది. పొద్దుగూకే లోపల వాడు బయటికి పోవల్ల. లేదంటే నువ్వు పోతావు."

సుబ్బరాయుడు జీపు తీశాడు. పులివెందుల దాటి ముద్దనూరు క్రాసు దగ్గర బ్రేకు వేశాడు. అక్కణ్నుంచి అవతల తిమ్మారెడ్డి ఇలాకా.

"బస్సెక్కు. నీ పెండ్లాం వరమ్మ ఆదివారం చర్చికి ఏ సందులో పోతాదో నాకు తెలుసప్పా" అని నవ్వాడు.

జమ్మలమడుగులో తిమ్మారెడ్డి లారీ ఆఫీసులో ఉన్నాడు. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు తోలే లారీలన్నీ ఆయనవే. చుట్టూ పదిమంది. ఎవరి చేతులూ కనిపించే చోట లేవు.

దేవపాలు చెప్పమన్నది చెప్పాడు. తిమ్మారెడ్డి కాళ్లు బల్ల మీదే పెట్టుకుని విన్నాడు.

"తనిఖీవోడు తప్పు పడితే ఏమైతాది? మన లారీలకు పట్టరా? ఇంత పెడితే పోతాడు. అమ్మేది లేదు పో."

కిటికీలో ఎండ వాలుతోంది. దేవపాలుకు వరమ్మ నడిచే సందు కళ్లముందు కదిలింది. ఇక మిగిలింది నిజమొక్కటే.

"రెడ్డీ, దాంట్లో పెంచలమ్మ కూడా ఉంది."

తిమ్మారెడ్డి లేచాడు. దెబ్బకు దేవపాలు గోడకు తగిలి పడ్డాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

"ఆమె కూచున్న అరుగు మీద నన్ను కూచోబెడ్తివా? ఏయ్, కాగితాలు తేండ్రా! అంతా అమ్మెయ్. ఇంగోసారి ఈ గడప తొక్కితే నీకు కాళ్లుండవు."

సంతకాలైన కబురు పొద్దుగూకక ముందే పెంచలమ్మకు పంపాడు. మర్నాడు మంచి రేటుకే అమ్మకం జరిగింది. దేవపాలు ఊపిరి పీల్చుకున్నాడు. చెంప వాపు తగ్గింది. రేటు ఇంకా పెరిగింది. బతికి బయటపడ్డాననుకున్నాడు.

నెల తిరగలేదు. పొద్దున్నే గదిలో ఫోను మోగింది. హైదరాబాదు బ్రోకరు. "మేరుధార పని అయిపోయింది! అమెరికా వాళ్లు సరుకు ఆపేశారు. అందరూ అమ్మేవాళ్లే, కొనే నాథుడు లేడు!"

దేవపాలు వెంటనే పెంచలమ్మకు ఫోన్ చేశాడు. ఆమె అంతా విన్నది.

"వాడు బయటపడినాడు. నేను మునిగినా" అంది.

"మీరు చెప్పమంటేనే గదమ్మా నేను చెప్పింది!"

"నేను చెప్పమన్నది అబద్ధం. అది నిజమెట్లయింది?"

"నాకేం తెలుసమ్మా! ఏసయ్య మీద ఆన..."

"నీకు ముందే తెలుసు. వానికి చెప్పినావు, నాకు దాచినావు. అంగట్లోనే ఉండు. సుబ్బరాయుడు వస్తాండాడు."

ఫోను పెట్టేసింది. దేవపాలు సంచి భుజాన వేసుకున్నాడు. ముందు వరమ్మను తీసుకుని దువ్వూరు బస్సు ఎక్కాలి. అక్కడ బావమరిది ఉన్నాడు. మెట్లు దిగి షట్టరు సగం లాగాడు.

జీపు వచ్చి అడ్డంగా ఆగింది. కానీ దిగినవాళ్లు సుబ్బరాయుడి మనుషులు కారు. తిమ్మారెడ్డి మనుషులు. ముందున్న జమాల్ చేతిలో పూలదండ, మిఠాయి పెట్టె.

"యాడికి పోతాండావు మామా? రెడ్డి పంపించినాడు. అమెరికావోని మాట నీకు ముందే తెలిసి మా రెడ్డిని కాపాడితివి. కొట్టినందుకు బాధపడతాండాడు. ఇంగ నువ్వు మావోనివి!"

దండ మెడలో పడింది. అంగళ్లలోంచి జనం తొంగిచూశారు.

"వద్దప్పా జమాల్, నేను ఎవురి మనిషినీ కాదు. నాకేం తెలీదు."

"ఎంత మర్యాదస్తునివి మామా!"

అప్పుడే వీధి చివర ఇంకో జీపు వచ్చి నిలబడింది. స్టీరింగు దగ్గర సుబ్బరాయుడు. వెనక నలుగురు. వాళ్లు దిగలేదు. చూస్తున్నారు.

జమాల్ కూడా వాళ్లను చూశాడు. చూసి మరీ పెట్టె తెరిచాడు. మైసూరుపాకు ముక్క తీసి, దేవపాలు దవడ పట్టుకుని నోట్లో కుక్కాడు. అరచెయ్యి పెదవుల మీద అదిమి పట్టాడు. "మింగు మామా" అన్నాడు మెల్లగా. నవ్వు మొహం మీదే ఉంది, కళ్లలో లేదు.

ఉమ్మితే వీళ్లు. మింగితే వాళ్లు. వీధి చివర సుబ్బరాయుడి చెయ్యి లుంగీ మడత మీద ఆగింది. దేవపాలు అతని కళ్లలోకి చూస్తూ లెక్క వేసుకున్నాడు. అడుగు దూరంలో ఉన్నవాళ్లు ఇప్పుడే చంపుతారు. వీధి చివర ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకరోజు.

మింగాడు.

సుబ్బరాయుడు నిదానంగా తలూపాడు. జీపు వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు.

"వరమ్మను కూడా ఎక్కించుకుందాం పద. ఇంగ మీరిద్దరూ ఒంటిగా తిరగకూడదు" అన్నాడు జమాల్, జీపు తలుపు తీస్తూ.

తీపి గొంతులో అడ్డం పడి దేవపాలుకు దగ్గు వచ్చింది. జమాల్ వాళ్ల నీళ్ల క్యాను ఎత్తి పట్టాడు. సంచిలో తన సీసా ఉంది. దేవపాలు దాన్ని తియ్యలేదు. దోసిలి పట్టి ఆ నీళ్లే తాగాడు.