మంత్రి నోటి సామెత

కరీంనగర్ బస్సు అలియాబాద్ స్టాపుకు వచ్చే వేళయింది. నజ్‌నీన్ సంచి గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. ఆ గుమ్మానికే అడ్డంగా ఆమె తండ్రి చోటే మియా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కరీంనగర్‌లో వచ్చిన పీజీ సీటుకు ఇవాళే ఆఖరి రోజు. సాయంత్రంలోగా చేరకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తారు.

నిన్నటిదాకా సరేనన్న మనిషే! పొద్దున్నే కూరగాయల వ్యాపారంలో ఆయన భాగస్వామి వెంకటనర్సయ్య వచ్చి ఫోన్ చూపించాడు, అంతే, అంతా తారుమారైంది. ఉదయించే సూర్యుడి బొమ్మ, కింద ‘మన పెద్దల మాట’ అంటూ ఒక సామెత. ఊరు దాటించిన కూతురు ఇక తండ్రికి దక్కదని దాని సారాంశం.

"మా తాత గిదే అంటుండె," అన్నాడు చోటే మియా. "నా చెవులతోని విన్న. పెద్దలు ఊకెనే అంటరా?"

"ఎందుకంటరు?" అని వెంకటనర్సయ్య వంత పాడాడు.

నజ్‌నీన్‌కు ఒళ్లు మండిపోయింది. ఏ తాత? ఆ మాట పుట్టి ఏడాది కూడా కాలేదు! ఇంట్లో తెలియకుండా, మారుపేరుతో ఫోన్‌లోని కథల యాప్‌లో ఆమె రాస్తున్న మాయారాజ్యం కథలో, దుర్మార్గుడైన మంత్రి కోసం ఆమే అల్లింది. అదే కథలో ముసలమ్మ చేత అమ్మ జహేదా వంటింట్లో అనే అసలు సామెతలు ఎన్ని చెప్పించింది! వాటిని ఒక్కడూ పట్టించుకోలేదు. మంత్రిది మాత్రం ఊరూరా తిరిగి, తాతల పేరు తగిలించుకుని, సిగ్గులేకుండా ఈ ఇంటికే వచ్చింది.

చెబితే ఫోన్ లాక్కుంటాడు, కథ ఆగిపోతుంది. చెప్పకపోతే సీటు పోతుంది.

"అబ్బా, అది తాత మాట గాదు. నేను రాసిన," అంది తండ్రితో.

"ఏందీ?"

"కథల ఒక మంత్రి అంటడు. నీ మాట తీరు బట్టుకొని రాసిన. గందుకే నీకు ఎన్నడో విన్నట్టు కొడతాంది."

వెంకటనర్సయ్య మెల్లగా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చోటే మియా ముఖం నల్లబడింది. చెయ్యి చేసుకుంటాడేమోనని నజ్‌నీన్‌కు భయమేసింది.

"అంటే ఆ మంత్రి నేనేనా?"

ఆమెకు ఏడుపొచ్చింది. రోడ్డు మీద బస్సు హారన్ మోగింది.

"మరి వాని బిడ్డ ఏమైంది?" అన్నాడాయన.

"పోనియ్యలే అబ్బా. కోటల బెట్టి తాళమేసిండు. ఇగ ఆ పిల్ల నాయినతోని మాట్లాడుడు బంద్ జేసింది. గంతవరకే రాసిన."

చోటే మియా లేచి కుర్చీ పక్కకు జరిపి, సంచి తనే భుజానికెత్తుకున్నాడు.

"నడు, జల్దీ," అన్నాడు. "బస్సుల కూసున్నంక, ముందుగాల వానితోని ఆ తాళం తీపియ్యి."