తప్పు చేయడం నేర్పే ఉద్యోగం

సేనాపతికి కోపం చాల్లేదు. గుర్రపు దండును వాగు దాటించి, అవతలి గట్టున కాచుకున్న శత్రువును చూసి, బుద్ధిమంతుడిలా వెనక్కి తిప్పుకున్నాడు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఇంత బుద్ధిమంతుడైతే వీడితో ఎవరాడతారు?

సేనాపతి మనిషి కాడు. వంతులవారీగా ఆడే యుద్ధవ్యూహాల వీడియో గేములో ఆటగాడికి ఎదురు నిలిచే యంత్రం. తనతో తనే రాత్రింబవళ్లు ఆడుకుని ఆరితేరాడు. వాణ్ణి అంత తెలివైనవాణ్ణి చేసినవాళ్లు ఆ అంతస్తు నిండా ఉన్నారు. వాడికి తెలివితక్కువతనం నేర్పేది మాత్రం ఈ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే ఆమె ఒక్కతే. ఆఫీసులో అందరికంటే పెద్దది కాబట్టి అందరికీ పిన్ని. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుని, చలికి ఎప్పుడూ ఒక గోధుమరంగు స్వెట్టరు తొడుక్కుని, యంత్రం చేత పొరపాట్లు చేయిస్తూ ఉంటుంది. ఇంటి చుట్టుపక్కలవాళ్లు ఏం ఉద్యోగమని అడిగితే "కంప్యూటర్ పని" అని ఊరుకుంటుంది. అసలు సంగతి చెబితే దానికి కూడా జీతమిస్తారా అని నోళ్లు తెరుస్తారు.

టీమ్ లీడర్ పిల్ల కాఫీ కప్పుతో వచ్చి బల్ల అంచున ఆనుకుంది.

"పిన్నీ, మనవాడు నిన్న కూడా అందర్నీ చితక్కొట్టాడు. ఓడినవాళ్లు మళ్లీ ఆట ముఖం చూడట్లేదు. కాస్త మెత్తబరచకూడదూ?"

"మెత్తబరిస్తే పసిగట్టేస్తారమ్మా. కోపిష్టిని చేస్తున్నాను. సాయంత్రానికి చూద్దువుగాని."

ఆ పనిలో ఉన్న కిటుకంతా అదే. యంత్రం ఊరికే తప్పు చేస్తే ఆటగాడికి చప్పున అనుమానం వస్తుంది. గెలిచాననుకోడు, గెలిపించారనుకుంటాడు. కోపంతో చేసిన తప్పు, అత్యాశతో చేసిన తప్పు అయితే నమ్ముతాడు, ఎందుకంటే అలాంటివి తనూ చేసి ఉంటాడు. తప్పుకు ఒక స్వభావం ఉండాలి. పరీక్షించేటప్పుడు యంత్రం మనసులో ఏముందో తెలియడానికి, ప్రతి దండు మీదా చిన్న అక్షరాల్లో దాని ఆలోచన కనిపించేలా ఆమె ఏర్పాటు చేసుకుంది. ఆ మాటలు తన సౌకర్యం కోసం తనే రాసుకున్నవి. పని పూర్తయ్యాక వాటిని తీసేసి గాని ఎవరికీ ఇవ్వదు.

మధ్యాహ్నం డబ్బా మూత తీస్తుండగా ఫోను మోగింది. ఇంటి నుంచి అన్నయ్య.

"తిన్నావా?"

"ఇప్పుడే కూర్చున్నాను. నువ్వో?"

"తింటాలే." పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి అన్నయ్య మాటలు ఒక్కొక్కటీ మెట్టు దిగుతున్నట్టు వస్తాయి. "నువ్వు నిన్న పెట్టిన కొత్త ఆట... రాతలు చూపిస్తోందే."

ఆమె చేతిలో చెంచా ఆగిపోయింది.

"ఏం రాతలు?"

"'దాడికి వీలుంది. వదిలేస్తున్నాను' అని. మాటిమాటికీ వదిలేస్తోంది, పాపం. మంచి మనసున్నది. సరే, పని చూసుకో."

ఆమె డబ్బా మూత మళ్లీ పెట్టేసింది. నిన్న సాయంత్రం హడావిడిలో అదే ఆట కొత్త వెర్షన్ను ఇంటికి తీసుకెళ్లి అన్నయ్య కంప్యూటర్లో పెట్టింది. రాతలు తీసేయడం మరిచిపోయింది. ఇన్నాళ్ల ఉద్యోగంలో చేయని పొరపాటు, చేయకూడని ఒక్క చోట చేసింది.

అన్నయ్య బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయినవాడు. వదిన పోయాక అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాక ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి సహించలేదు, మాట పెగల్లేదు. ఏ మందూ చేయని పని ఈ ఆట చేసింది. పని చేసే కుడిచేత్తో మౌసు పట్టుకుని మొదటిసారి కోట గెలిచిన రోజున ఆయన అడిగి మరీ పెట్టించుకుని తిన్నాడు. ఆనాటి నుంచి ఆమె ఆయన కోసం ప్రత్యేకంగా యంత్రంలో దయ కలుపుతూ వచ్చింది. చెయ్యి వణికిన రోజున మరికాస్త కలిపేది. గెలిచిన పూట ఆయన తినేవాడు, గెలిచిన సంగతి కథలు కథలుగా చెప్పేవాడు. ఆ గెలుపులన్నీ తను వండిపెట్టినవేనని ఆయనకు తెలిస్తే మళ్లీ గోడవైపు తిరిగిపోతాడేమోనన్నదే ఆమె భయం.

మధ్యాహ్నమంతా సేనాపతికి కోపం కుదరలేదు. టీమ్ లీడర్ పిల్లకు రేపు చూపిస్తానని చెప్పి బయటపడింది. బస్సులో నిలబడి ఒక అబద్ధం తయారుచేసుకుంది. దిగేలోపు రెండుసార్లు మార్చింది. యంత్రం చేత నమ్మదగ్గ తప్పులు చేయించే మనిషికి నమ్మదగ్గ అబద్ధం ఒక్కటి దొరకలేదు.

అన్నయ్య ఎడమ చేతికింద దిండు పెట్టుకుని, ఆపేసి ఉన్న కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె ముందు వంటింట్లోకి వెళ్లి గిన్నె మూత తీసి చూసింది. అన్నం ఆయన ముట్టుకోలేదు.

"అవి పరీక్ష కోసం పెట్టిన రాతలన్నయ్యా," అంది తిరిగొచ్చి. "వాటికేమంత అర్థం..."

"నేను బస్సు తోలినవాణ్ణే." ఆయన ఆమెవైపు చూడలేదు. "ఎదుటి బండివాడు తప్పుకోలేక ఆగాడో, నాకు దారివ్వడానికి ఆగాడో తెలీదంటావా? ఇది మొదట్నుంచీ ఆగుతూనే ఉంది. తెలుస్తూనే ఉంది. గెలుస్తున్నప్పుడు ఎవడడుగుతాడు?"

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. యంత్రం మీద కాదు. నీమీదే."

ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి. "తినేవాడివి కాదు. పలికేవాడివి కాదు. నన్నేం చేయమంటావు?"

ఆయన కీబోర్డు మీద వేలితో గీతలు గీశాడు.

"అదీ నిజమే," అన్నాడు. "నువ్వు మాత్రం ఏం చేస్తావు? ఇప్పుడు ఆ దయ తీసెయ్. రాతలు మాత్రం ఉండనీ."

"రాతలుంటే అది ఏం చేయబోతోందో నీకు ముందే తెలిసిపోతుంది. అది న్యాయం కాదుగా."

"ముసలాణ్ణి. ఆమాత్రం ఉండనీ."

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆయన పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఇన్నాళ్లూ కలిపిందంతా ఒక్కొక్కటే తీసేసింది. తీసేస్తుంటే, పసిపిల్లాణ్ణి రద్దీ రోడ్డు మీద చెయ్యి వదిలేస్తున్నట్టే అనిపించింది. చెప్పకుండా కొంచెం ఉంచేద్దామా అనుకుంది. ఉంచలేదు.

యంత్రం ఆగలేదు. ఆయన ధాన్యపు కొట్లు తగలబెట్టింది, వంతెన పట్టుకుంది. 'దాడికి వీలుంది. దాడి చేస్తున్నాను' అని దండు మీద అక్షరాలు వెలిగాయి. ఆమె చూడలేక మొహం తిప్పుకుంది. అన్నయ్య మాత్రం కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఇదీ పద్ధతి," అన్నాడు. "రారా, చూసుకుందాం."

ఇంకో కోట పోయింది. రాజధాని చుట్టూ శత్రుసేన మూగింది. ఆయన చెంపలకు ఎన్నాళ్లుగానో లేని రంగు వచ్చింది.

"ఏమైనా పెట్టవే. ఆకలేస్తోంది."

ఆమె ఒక్క క్షణం నమ్మలేదు. ఓడిపోతూ ఆకలేస్తోందంటున్నాడు. లేచి వంటింట్లోకి దాదాపు పరిగెత్తింది. పొయ్యి వెలిగించి, గిన్నెలు వేడిచేస్తూ, గోడ అవతల నుంచి మౌసు టిక్కుమనడం, అన్నయ్య యంత్రాన్ని తిట్టుకోవడం వింటూ నిలబడింది. ఇన్నేళ్లుగా ఈయన్ని తను మంచంలో పడుకోబెట్టి జోకొట్టిందా అని సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా తేలిగ్గానే ఉంది. కాసేపటికి మౌసు చప్పుడు ఆగింది. ఆలోచిస్తున్నాడనుకుంది. ఆలోచించనీ అని పళ్లెం తీరిగ్గా సర్దింది.

తీసుకొచ్చేసరికి ఆయన తల కుర్చీ వీపుకు ఆనుకుని ఉంది. కుడిచెయ్యి మౌసు పక్కకు జారి, అరచెయ్యి పైకి తెరుచుకుని ఉంది. కళ్లు సగం మూతపడ్డాయి. ఆమె పళ్లెం స్టూలు మీద పెట్టి, "అన్నయ్యా," అని పిలిచింది. భుజం మీద చెయ్యివేసి మళ్లీ పిలిచింది.

పై వాటాలో ఉండే నర్సు వచ్చి నాడి చూసి, బాధ తెలిసి ఉండదమ్మా అంది. ఇంకో ఇద్దరు వచ్చి ఆయన్ని మంచం మీద పడుకోబెట్టారు. ఒకాయన గది సర్దుతూ కంప్యూటరు స్విచ్చు మీద చెయ్యివేశాడు.

"ఉండనివ్వండి," అంది ఆమె.

అందరూ ముందుగదిలోకి వెళ్లాక తెర ముందుకు వచ్చి నిలబడింది. రాజధాని చుట్టూ శత్రువు అలాగే ఉన్నాడు. అన్నయ్య కోట గోడల మీదికి ఒక్క సైనికుణ్ణి కూడా పంపలేదు. ఎవరికీ పట్టని మూల ఉన్న రేవులోంచి ఒక చిన్న పడవను మాత్రం సముద్రంలోకి నడిపి తన వంతు ముగించాడు. చెయ్యి జారి చేసిందో, ఏదైనా ఎత్తు వేశాడో ఆమెకు బోధపడలేదు. జీవితమంతా పొరపాట్లు తయారుచేసిన మనిషి, ఇది పొరపాటో కాదో తేల్చుకోలేక అలా చూస్తూ ఉండిపోయింది. పాత యంత్రమైతే 'పొరపాటు. వదిలేస్తున్నాను' అని రాసేది. ఇప్పుడు శత్రుసేన మీద వేరే మాటలున్నాయి.

'ప్రత్యర్థి ఎత్తు అర్థం కాలేదు. ముట్టడి ఆపి తీరానికి కాపలా పంపుతున్నాను.'

దయ ఎక్కడైనా మిగిలిపోయిందా అని ఆమె మళ్లీ వెతికింది. చుక్క కూడా లేదు. సేనాపతి నిజంగానే భయపడ్డాడు.

నీలం నీళ్ల మధ్య, తెరచాప ఎత్తి, ఆ చిన్న పడవ అన్నయ్య వంతు కోసం ఆగి ఉంది.