బోర్డు పైకి చదవాలి

తప్పు ఒప్పుకోమంటే చాలు, ఆమె మొగుడికి ఎక్కడలేని గొంతునొప్పీ వచ్చేస్తుంది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళుగా ఆ నొప్పి తగ్గిందే లేదు.

ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. తొమ్మిదేళ్ళ కిందట కళ్ళకు లేజర్ చేయించుకుని, పాత కళ్ళజోడును అందరూ చూస్తుండగా కారు చక్రం కింద వేసి తొక్కించాడు. "ఇక జన్మలో పెట్టను!" అని ప్రకటన కూడా. ఈమధ్య మాత్రం నేర్చుకునేవాళ్ళ చేత దారిలో ప్రతి బోర్డూ పైకి చదివిస్తున్నాడు. ఎంత శ్రద్ధో అని అందరూ మెచ్చుకున్నారు. ఆమెకే ఎక్కడో తేడా కొట్టింది.

నాకూ నేర్పండంటూ ఒక ఉదయం స్టీరింగ్ ముందు కూర్చుంది.

"బోర్డొచ్చింది. చదువు," అన్నాడు.

బోర్డు మీద 'బడి ఉంది, నెమ్మది' అని ఉంది. "పెట్రోల్ బంకు, అర కిలోమీటరు," అని చదివింది.

"కనిపిస్తోందిలే. మనకక్కర్లేదు, పోనీ."

పోనివ్వలేదు. బ్రేకు తొక్కి కారు పక్కకు ఆపింది. తాళంచెవి తీసి సంచిలో వేసుకుంది. "కళ్ళ డాక్టరు చూస్తేగానీ ఇది బయటికి రాదు."

మర్నాడు ఆస్పత్రిలో ఆయన కూర్చున్నచోట కూర్చోలేదు. లేస్తాడు, కిటికీ దాకా వెళ్తాడు, మళ్ళీ వస్తాడు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసింది. "నల్లగుడ్డు పైపొర మందం సరిపోతుంది. రెండోసారి లేజర్ చెయ్యొచ్చు. కాకపోతే చూపు ఏడాదిగా మారకుండా ఉండాలి. మసక ఎప్పట్నుంచి?"

"రెండు వారాలు."

"అయితే ఇప్పుడు చెయ్యను. ఇంకా మారుతుందేమో. కళ్ళజోడు పెట్టుకుని ఏడాది తర్వాత రండి."

ఏడాదిపాటు కళ్ళజోడు! అదీ స్కూల్లో, అందరి ముందు! ఆయన మోకాలు ఆగకుండా ఊగుతోంది. ఆమె ఏమీ ఎరగనట్టు సంచి మూత తీస్తూ వేస్తూ ఉంది. టిక్. టిక్.

"ఆ చప్పుడు ఆపుతావా?"

"మీరు నోరు తెరిస్తే ఇది మూస్తాను."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "డిక్కీలో... స్టెప్నీ కింద ఒక కళ్ళజోడుంది. నిరుడు చేయించాను. చీటీ కూడా అక్కడే ఉంది."

"వెతకనక్కర్లేదు లెండి. నిన్ననే డిక్కీ తెరిచాను." ఆమె సంచిలోంచి రెండూ తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ చీటీ చూసింది. "ఏడాది కిందటి నంబరూ ఇవాళ్టిదీ ఒకటే. ఏమీ మారలేదు. చేద్దాం. కానీ అంతవరకు జోడు లేకుండా కారు ముట్టుకోకూడదు."

ఆయన జోడు అందుకుని పెట్టుకున్నాడు. భార్య ముఖం చాలాకాలానికి స్పష్టంగా కనిపించినట్టుంది, కాసేపు అలాగే చూశాడు.

"రెండు వారాలు కాదు, రెండేళ్ళు. తప్పు నాదే. నిన్న ఆ బోర్డు నాకు కనబడనేలేదు."