ఐదు సెకన్ల చెయ్యి

మూడున్నర కావడానికి ఇంకా పది నిమిషాలుంది. తొమొయె పొద్దున పదింటి నుంచీ నిలబడే ఉంది. మోకాళ్ళు ఎప్పుడో మొద్దుబారాయి, ఇప్పుడు నొప్పి నడుములోకి పాకింది. హాల్లో వరసగా వేసిన బల్లల్లో ఒకటి ఎదురుగా, బల్లకి అవతల తెల్లగౌనులో పాటల పిల్ల చినాత్సు. ఇవతల, తాళ్ళు కట్టిన దారిలో, హాలు గుమ్మం దాటి మెట్ల దాకా మగవాళ్ళ వరుస.

ఒకడు వస్తాడు, పాటల సీడీ కొంటే వచ్చిన టిక్కెట్టు ఇస్తాడు. చినాత్సు అతని చేతిని తన రెండు చేతులతో అందుకుని నవ్వుతుంది. తొమొయె మనసులో ఐదు దాకా లెక్కపెడుతుంది. ఐదు కాగానే అతని భుజం మీద చెయ్యి వేసి, "సమయం అయిపోయిందండీ" అని మెల్లగా పక్కకి తోస్తుంది. ఎడమచేతిలో ఉన్న మీట నొక్కుతుంది. గోడ మీది పెద్ద బోర్డులో తెల్ల అంకె ఒకటి పెరుగుతుంది. అప్పటికే రెండోవాడు చెయ్యి చాపుకుని నిలబడి ఉంటాడు.

ఆ పనిని అక్కడ ఊడదీత అంటారు. పాటలు పాడే పిల్లని వదల్లేక అతుక్కుపోయే అభిమానిని, గోడ మీది కాగితాన్ని చింపకుండా తీసినట్టు, నొప్పి తెలియకుండా ఊడదీయాలి. రోజుకి తొమ్మిదివేల ఎనిమిదివందల యెన్‌లు, మధ్యాహ్నం ఒక చల్లటి అన్నం డబ్బా. పాడే పిల్లలతో మాట్లాడకూడదు. మూడుసార్లు ఫిర్యాదు వస్తే పేరు కొట్టేస్తారు. యాభై నాలుగేళ్ళ మనిషికి కూర్చుని చేసే పని ఎవరిస్తారు గనక? తొమొయె ఈ పనిని కళ్ళకద్దుకుని చేస్తోంది.

మామూలు ఆదివారాల్లో ఇంత రద్దీ ఉండదు. ఇవాళ పాడే ఆడపిల్లల గుంపులు రెంటినీ ఒకే కప్పు కిందకి తెచ్చారు. హాలుకి అడ్డంగా నల్లటి తెర. ఇటు తెల్లగౌన్ల కజహనా, అటు ఎర్రగౌన్ల అకాబోషి. ఈ రెంటిలో ఏది గొప్పదన్న తగువు మీద పత్రికలూ టీవీలూ మూడేళ్ళుగా బతికేస్తున్నాయి. ఆ తగువు ఇవాళ తేల్చేస్తామని కంపెనీ ప్రకటించింది. సాయంత్రం ఆరింటి లోపల ఏ గుంపు ఎక్కువ చేతులు కలిపితే ఆ గుంపు గెలిచినట్టు. ఆరు దాటాక మిగిలిపోయిన టిక్కెట్లు చిత్తుకాగితాలు. గెలిచిన గుంపు ఏడాది చివర పెద్ద హాల్లో పాడుతుంది. ఓడిన గుంపులో చేతుల లెక్కలో అడుగున ఉన్న ఆరుగురికి గ్రాడ్యుయేషన్ చేస్తారు. మెడపట్టి బయటికి గెంటడానికి ఆ వ్యాపారంలో పెట్టుకున్న ముద్దుపేరు అది. పూలగుత్తి ఇచ్చి, ఏడుస్తుంటే ఫొటో తీసి మరీ గెంటుతారు.

చినాత్సు అడుగు నుంచి నాలుగోది.

వరుసలో ఇద్దరు స్నేహితులు వాదించుకుంటున్నారు. ఒకడి మెడలో తెల్ల తువ్వాలు, ఇంకొకడి మెడలో ఎర్ర తువ్వాలు. ఎర్ర తువ్వాలువాడు తన పని తెర అవతల ముగించుకుని, తోడుకోసం ఇటు వచ్చాడు.

"మీ కజహనా పిల్లలు స్టేజి మీద ఏడవడం తప్ప ఇంకేం చేస్తారోయ్? మా అకాబోషిని చూడు. ఇరవైమంది కాలెత్తితే స్కేలు పెట్టి గీసినట్టుంటది."

"స్కేలు కావాలంటే పుస్తకాల కొట్టుకి పోరా. మావాళ్ళు మనుషులు. తప్పు పాడతారు, ఏడుస్తారు, మళ్ళీ పాడతారు. ఆర్నెల్లు పోయాక అదే పాట సరిగ్గా పాడితే నాకు కళ్ళంట నీళ్ళొస్తాయి."

"నీళ్ళు రావడానికి నాలుగు ఉల్లిపాయలు కోసుకో. అన్నేసి సీడీలు కొనడం దేనికి?"

ముందూ వెనకా ఉన్నవాళ్ళు నవ్వారు. తొమొయెకీ నవ్వొచ్చింది గానీ పెదవి కదపలేదు. తెర అవతల ఆమె రెండేళ్ళు పనిచేసింది. ఎవరైనా అడిగితే ఆ రెండు గుంపుల్నీ ఆమె ఇంకోలా పోల్చి చెప్పగలదు. అటు పిల్లలకి మోకాళ్ళు పోతాయి, ఇటు పిల్లలకి మణికట్లు పోతాయి. పూసుకునే మందు వాసన ఒకటే. అన్నం డబ్బాలు ఒకే బండిలో దిగుతాయి. ఇద్దరి జీతం కాగితాల మీదా పడే ముద్ర ఒకే ఆఫీసుది. ఊడదీసే మనిషిని ఎవరూ ఏమీ అడగరు.

మూడున్నరకి గంట మోగింది. పావుగంట విరామం.

తెర వెనక సందులో పెద్ద ప్లాస్టిక్ తొట్టి నిండా మంచుగడ్డలు పోసి ఉంచారు. చినాత్సు తెల్ల చేతితొడుగు లాగింది. కింద కట్టు, కట్టు కింద మణికట్టు ఉడకబెట్టిన చిలగడదుంపలా ఉబ్బి ఉంది. పళ్ళు బిగించి చేతిని మోచేతి దాకా మంచులో ముంచింది. పైనున్న ఎడమచేతి వేళ్ళు తొట్టి అంచు మీద ఆడుతూనే ఉన్నాయి, ఒకటీ మూడూ ఐదూ, ఒకటీ నాలుగూ ఐదూ.

ఆ ఆటేమిటో తొమొయెకి తెలుసు. చలికాలంలో ఒకసారి నియమం తప్పి అడిగింది.

"పియానో, పిన్నిగారూ" అంది చినాత్సు అప్పుడు. "పసిపిల్లల బడిలో టీచరు అవ్వాలంటే పియానో పరీక్ష పాసవ్వాలి. నాకు ఇరవయ్యొకటి. ఇరవై అయిదు దాటితే ఇక్కడ మమ్మల్ని ఎవరు చూస్తారు చెప్పండి? ఆరేళ్ళూ పూర్తిగా ఉన్నవాళ్ళకి కాలేజీ ఫీజు కంపెనీయే కడుతుంది. వచ్చే ఏడాది మార్చికి నాకు ఆరేళ్ళు."

ఆ మాట అన్న నెలకే మణికట్టు వాచింది. మూడు వారాలు చెయ్యి కదపకూడదని, కాదంటే కోసి కుట్టాల్సొస్తుందని, అప్పుడు బొటనవేలు మునుపటిలా సాగుతుందని తను మాట ఇవ్వలేనని డాక్టరు రాసిచ్చాడు. ఆ కాగితం హాలు మేనేజరు ఇసోబె దగ్గర ఉంది. "ఈ ఆదివారం కానీ, చూద్దాం" అన్నాడు. అలా నాలుగు ఆదివారాలు అయ్యాయి.

చెయ్యి ఆపితే మార్చిలోపే గ్రాడ్యుయేషన్, ఫీజు లేదు. ఆపకపోతే ఫీజు ఉంటుంది, పియానో వాయించే చెయ్యి ఉండదు. ఇరవయ్యొక్కేళ్ళ పిల్ల ఆ రెంటి మధ్యా నాలుగు వారాలుగా నవ్వుతూ నిలబడి ఉంది.

ఎర్రగౌను పిల్ల ఒకతె సందులోకి తొంగిచూసి, ఎవరూ లేరని గబగబా వచ్చి అదే తొట్టిలో ఎడమచెయ్యి ముంచింది. అకాబోషి మిరియ. ఇద్దరిదీ సముద్రపొడ్డున ఒకటే ఊరు, ఇద్దరూ ఒకటే రైల్లో ఎంపికకి వచ్చారు. చెరో గుంపులో పడ్డాక కలిసి కనపడకూడదన్నారు. స్నేహమని తెలిస్తే పోటీ చల్లారిపోతుందట.

"మీ లెక్క ఎంతుందే?" అంది మిరియ.

"బోర్డు చూళ్ళేదా? మీరే ఆరొందలు ముందున్నారు."

"మేం ముందుంటే నువ్వు పోతావు. మీరు ముందుకొస్తే నేను పోతాను. ఏ దేవుడికి మొక్కుకోవాలో కూడా తెలీట్లేదే." మిరియ నీళ్ళలోకి చూసింది. "నాది ఎడమ, నీది కుడి. మిగిలినవి కలిపితే ఒక మనిషికి సరిపోతాయి."

ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బల్ల దగ్గర నవ్వే నవ్వులా లేదు. అడుగుల చప్పుడు వినపడగానే మిరియ చెయ్యి తుడుచుకోకుండానే తెర కిందనుంచి దూరి వెళ్ళిపోయింది.

వచ్చినవాడు ఇసోబె. చెవికి ఫోను, మొహాన చెమట.

"చినాత్సూ, తొడుగు వేసుకో. తొమొయె గారూ, ఇకనుంచి అయిదు కాదు, మూడే. మూడు సెకన్లకి లాగెయ్యండి. అప్పుడే అందుకోగలం."

"ఆ పిల్ల చెయ్యి చూశారాండీ?" అంది తొమొయె. ఆరేళ్ళలో ఆమె అతన్ని అడిగిన మొదటి ప్రశ్న అది.

ఇసోబె ఆశ్చర్యంగా చూశాడు, బల్ల మాట్లాడినట్టు. "నొప్పి తగ్గే స్ప్రే ఉంది కదా. ఈ ఆదివారం కానీండి, చూద్దాం. మీకు దీంతో పని లేదు. ఒక ఫిర్యాదు రాసుకోమంటారా?"

తొమొయె తల వంచింది. వంచిన తలకి తన కుడిచెయ్యే కనపడింది. ఉంగరం వేలూ చిటికెనవేలూ ముడుచుకుపోయి ముప్ఫై అయిదేళ్ళు. చోషి రేవులో చేపల్ని డబ్బాలకెక్కించే ఫ్యాక్టరీలో, పందొమ్మిదేళ్ళప్పుడు, మంచునీళ్ళలో రోజుకి పదకొండు గంటలు. వేళ్ళు సాగడం లేదంటే మేస్త్రీ అన్నాడు, సీజను కానీ, చూద్దామని. ఎవరూ చూడలేదు. పక్కనున్న ఆడవాళ్ళు ఇరవైమందీ తలలు వంచుకునే చేపలు తోమారు. వాళ్ళమీద ఇన్నేళ్ళూ తనకి కోపం ఉందన్న సంగతి తొమొయెకి ఇప్పుడే తెలిసింది.

మళ్ళీ గంట మోగింది.

మూడు సెకన్లంటే నవ్వు పూర్తికాదు. జనం వస్తున్నారు, పోతున్నారు. తెల్ల అంకె పరుగెడుతోంది, ఎర్ర అంకె అంతకన్నా పరుగెడుతోంది. అవతలా మూడే చేశారన్నమాట.

నాలుగున్నరకి నోనొమురా వంతు వచ్చింది. అరవయ్యేళ్ళ టాక్సీ డ్రైవరు. అయిదేళ్ళుగా ప్రతి ఆదివారం వస్తాడు, వానల గురించి రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోతాడు. ఇవాళ పన్నెండు టిక్కెట్లు తెచ్చాడు. బల్ల మీద పెట్టి, చెయ్యి చాపబోయి, ఆగిపోయాడు. తొడుగు అంచులోంచి కట్టు కనపడింది.

"ఏమ్మా, చెయ్యి బాలేదా?"

"ఏం లేదండీ. వచ్చినందుకు చాలా సంతోషం."

"వద్దులే, చెయ్యి ఇవ్వకు. టిక్కెట్లు తీసేసుకో. మాట్లాడి పోతాను."

వెనకనుంచి ఇసోబె అందుకున్నాడు. "చెయ్యి కలపకపోతే లెక్కలోకి రాదండీ. మీవల్ల ఆ అమ్మాయికి పన్నెండు తగ్గుతాయి. మీ ఇష్టం."

నోనొమురా ముసలి మొహం కందిపోయింది. ముట్టుకుంటే నొప్పి, ముట్టుకోకపోతే ఓటమి. ఆ పిల్లని ఓడించలేడు. చివరికి తన చూపుడువేలు ఒక్కటి చాపి ఆమె చేతివేళ్ళకి ఆనించి నిలబడ్డాడు, ముప్ఫై ఆరు సెకన్లూ నేల చూస్తూ. తొమొయె పన్నెండుసార్లు మీట నొక్కింది. భుజం మీద చెయ్యి వేయకముందే ఆయన వెళ్ళిపోయాడు.

"క్షమించమ్మా" అన్నాడు పోతూ పోతూ.

తరవాతవాడు తెల్ల తువ్వాలువాడు. చెడ్డవాడు కాదు. పొద్దున్నించీ నిలబడి ఉన్నాడు, ఉన్నవి మూడు సెకన్లు, చెప్పాల్సింది మూడేళ్ళది. ఆత్రంగా ఆమె కుడిచేతిని రెండు చేతులా పట్టుకుని ఊపేశాడు.

"మీరే గెలవాలండీ! వదలకండి! అస్సలు వదలకండి!"

చినాత్సు గొంతులోంచి సన్నగా ఒక శబ్దం వచ్చింది. కుక్కపిల్ల తోక తొక్కితే వచ్చేలాంటిది. కళ్ళలో నీళ్ళు నిండాయి. నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు. తువ్వాలువాడు ఆ నీళ్ళు చూసి, తనకోసమే అనుకుని, ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఒకటి. రెండు. మూడు.

తొమొయె చెయ్యి లేచింది. ఆరేళ్ళుగా లేచినట్టే లేచింది. అతని భుజం దాకా వెళ్ళి ఆగింది. ఆమె బల్ల చుట్టూ నాలుగు అడుగులు వేసి అవతలికి వెళ్ళింది. ఇంతవరకూ ఏ ఊడదీసే మనిషీ బల్లకి అటువైపు నిలబడింది లేదు. వంకర తిరిగిన రెండు వేళ్ళతో సహా ఆ చెయ్యి చినాత్సు భుజం మీద పడింది.

"సమయం అయిపోయిందమ్మా" అంది తొమొయె.

తువ్వాలువాడు నోరు తెరిచి చెయ్యి వదిలేశాడు. చినాత్సు తల తిప్పి చూసింది.

"పిన్నిగారూ, ఏం చేస్తున్నారు? మార్చి దాకానే కదా. మీ పని కూడా పోతుంది."

"పోతుంది. నేను నిన్ను లాగను. లాగడం ఇసోబె గారి పద్ధతి. ఉంటానంటే అటువైపు వెళ్ళి మళ్ళీ మీట నొక్కుతాను. నీ వయసులో నాకూ ఇలాగే చూద్దామన్నారు, నా వేళ్ళు చూసి చెప్పు."

చినాత్సు భుజం మీది వేళ్ళని చూసింది. ఎన్నిసార్లు ఎదురుగా కనపడ్డాయో, ఎప్పుడూ చూడలేదు. పొద్దున పదింటి నుంచి మొహాన అతికించుకున్న నవ్వు కొంచెం కొంచెంగా జారిపోయింది. నవ్వు పోయాక అది అలసిపోయిన ఒక మామూలు ఆడపిల్ల మొహం.

"తొమొయె గారూ!" ఇసోబె తాళ్ళు దాటుకుంటూ వస్తున్నాడు. "బుద్ధుందా మీకు? చినాత్సూ, చెయ్యి! చెయ్యి ముందుకి పెట్టు!"

చినాత్సు చెయ్యి ముందుకి పెట్టలేదు. తొడుగు ఊడదీసి బల్ల మీద పెట్టింది. వాచిన చేతిని వీపు వెనక దాచుకుంది.

"ఇవ్వనండీ" అంది. మైకులో పాడే గొంతు కాదు అది, బాగా చిన్నగా ఉంది.

వరుస చప్పున ఆగిపోయింది. పక్క బల్లలవాళ్ళూ చేతులాపి ఇటే తిరిగేసరికి తెల్ల అంకె ఆగిపోయింది. తెర అవతల ఎర్ర అంకె ఒకటొకటిగా పెరుగుతూనే ఉంది. అటు మిరియ ఎడమచెయ్యి ఇంకా ఎవరికో అందుతూనే ఉందని ఇద్దరికీ తెలుసు.

ఆ తరవాతి మనిషి అప్పటికే బల్ల దగ్గరికి వచ్చేశాడు. అలవాటుకొద్దీ చాపిన అతని చెయ్యి బల్ల మీదుగా గాలిలో అలాగే ఉండిపోయింది. దాన్ని అందుకునేవాళ్ళు ఎవరూ లేరు.