ఎగువకు గురి

మా ఇంట్లో ఇద్దరం నీళ్ళ మీదే బతుకుతున్నాం. నేను మోటార్లు, పైపులు, వాల్వులు అమ్ముతాను. మా ఆవిడ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెబుతుంది: పైపులో నీళ్ళు ఎలా పారతాయి, వంతెన స్తంభాన్ని ఎలా తోస్తాయి, ఆనకట్ట కింద ఎలా తిరగబడతాయి. తేడా ఒక్కటే. నేను చీలమండ దాటి నీళ్ళలో దిగను. ఆవిడ పొద్దున్నే ఏట్లో దిగి, అవతలి గట్టు ముట్టుకుని వచ్చి, తల తుడుచుకుని క్లాసుకు పోతుంది.

"సరుకు గురించి చెప్పేవాడు సరుకు వాడి చూడాలి కదండీ," అంటుంది. పెళ్ళయిన కొత్తలో ఆ మాట ఆవిడకు నేర్పింది నేనే.

"పోనీ, ఈతకొలను ఉంది కదా, అందులో ఈదుకో," అన్నాను ఒకసారి.

"కొలనులో నీళ్ళు చెప్పిన మాట వింటాయండీ. మాట వినేవాళ్ళు ఇంట్లో ఉన్నారుగా, చాలు."

మా అమ్మ పక్కగదిలోంచి నవ్వింది. ఆ నవ్వు ఎవరి పక్షమో నాకు తెలుసు.

ఈదడానికి ఒంటికి అతుక్కునే నల్ల సూటు, పసుప్పచ్చ రబ్బరు టోపీ, కళ్ళద్దాలు ఉంటాయి. వీటికి తోడు నడుముకు తాడుతో కట్టుకుని వెనక లాక్కుపోయే గాలి సంచి ఒకటి. నారింజ రంగులో ఉబ్బి ఉంటుంది కాబట్టి మా అమ్మ దానికి గుమ్మడికాయ అని పేరు పెట్టింది.

"ఇది కట్టుకుంటే మునగవుటే?" అని అడిగింది అమ్మ మొదట్లో.

"మునక్కుండా కాదత్తయ్యా, కనబడటానికి. నీళ్ళలో మనిషి తల ఎవరి కంటికీ ఆనదు. ఇది చూసి పడవలవాళ్ళు పక్కకి తప్పుకుంటారు."

ఏటి నుంచి వచ్చాక ఆవిడ మాటలే వేరు. టీ గ్లాసు పట్టుకుని వంటింటి గట్టుకు ఆనుకుని, "ఇవాళ నీళ్ళు బరువుగా ఉన్నాయండీ, పైన ఎక్కడో వాన పడింది," అంటుంది. "వంతెన స్తంభం వెనక నీళ్ళు వెనక్కి తిరుగుతాయి, తెలుసా? అంత వేగంలోనూ అక్కడ ఊరికే నిలబడొచ్చు. నిన్న పిల్లలకి బోర్డు మీద గీస్తే ఒక్కడికీ ఎక్కలేదు. ఇవాళ చేతులు ఊపి చెబుతా." చేతులు ఊపితే ఎక్కుతుందట. క్లాసులో ఆవిడ ఈత కొడుతున్నట్టే పాఠం చెబుతుందని పిల్లలు చెప్పుకుంటారు. నేను ఇవన్నీ లాభం కిందే రాసుకున్నాను. మనిషి ఆరోగ్యంగా ఉంది, హుషారుగా ఉంది, నన్ను సతాయించే ఓపిక అక్కడే ఖర్చవుతోంది. ఇంకేం కావాలి?

అలా సాగుతుండగా ఎవడో వంతెన మీద నిలబడి ఫోన్లో వీడియో తీశాడు. మా ఆవిడ గట్టెక్కి, టోపీ తీసి, చెవిలో నీళ్ళు పోవడానికి ఒంటికాలి మీద గెంతుతోంది. అంతే. దాని కింద ఇంకెవడో "మా మేడం ప్రాక్టికల్స్" అని రాశాడు. నాకు నవ్వొచ్చింది. ప్రిన్సిపాల్‌కు రాలేదు.

ఆ సాయంత్రం ఆవిడ కాలేజీ నుంచి తిన్నగా కొట్టుకే వచ్చింది. పైపుల కట్ట మీద కూర్చుని ప్రిన్సిపాల్ గొంతు పెట్టి చెప్పింది: "'అమ్మా, మీ పాఠం మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ రేపు డిపార్ట్‌మెంటుకు పెద్దగా కూర్చోబోయే మనిషి తడిబట్టలతో ఊరందరికీ కనబడితే కాలేజీ పరువేం కావాలి? మీటింగులో లేచి, ఇకమీదట ఏట్లో దిగనని ఒక్క మాట చెప్పండి. మిగతాది నేను చూసుకుంటా.' ఇదీ వరస."

డిపార్ట్‌మెంటు పెద్దాయన ఆ నెలలో రిటైరవుతున్నాడు. వరసలో తరవాతి మనిషి మా ఆవిడే. ఆ కుర్చీ కోసం ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తోందో నాకు తెలుసు. ల్యాబులో ముక్కలైన నీళ్ళ కాలవ నమూనా బాగుచేయించడం, అర్థం కాని పాత పుస్తకాలు తీసి పారేయడం, ఎన్నో అనుకుంది.

"మరి చెప్పెయ్," అన్నాను.

"ఏమని?"

"దిగనని. మాటే కదా! చెప్పాక నువ్వు దిగావో లేదో గట్టున కూర్చుని కాపలా కాస్తాడా?"

ఆవిడ నావైపు అదోలా చూసింది. "మీరు కొట్లో తాడు కొలిచేటప్పుడు బెత్తెడు తక్కువ కొలుస్తారా?"

"ఎందుకు కొలుస్తాను? కొట్టు పేరు పోదూ!"

"నా మాటకి మాత్రం బెత్తెడు తక్కువైనా ఫరవాలేదా?"

కొట్లో ఇంకో బేరం వచ్చింది కాబట్టి సరిపోయింది. నేను అటు లేచిపోయాను.

ఇంటికొచ్చి అమ్మతో మొర పెట్టుకున్నాను. "నిండా మునిగినవాడికి చలేమిటని, దీనికి ఎవరు ఏమన్నా లెక్కలేదమ్మా."

"ఆ సామెత కట్టినవాడు ఎప్పుడూ నీళ్ళలో దిగుండడు," అంది మా ఆవిడ. "నిండా మునిగినవాళ్ళకే చలి తెలిసేది."

అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "మునిగేది అది, వణికేది నువ్వా?" అంది.

ఆ రాత్రి నాకో సంగతి తట్టింది. నేను ఆవిడను ఒక సరుకు వదులుకోమంటున్నాను. ఆ సరుకును నేను ఒక్కసారైనా దగ్గరగా చూడలేదు. చూడని సరుకుకు ధర కట్టడం నా పద్ధతి కాదు. ఇసుక కాంట్రాక్టరు నా పాత ఖాతాదారు. అతని చిన్న తెడ్ల పడవ అడిగి, పొద్దున్నే ఆవిడ వెంట బయల్దేరాను.

"మీకు పడవ వచ్చా?" అంది మా ఆవిడ.

"మా మేనమామ చేపల చెరువులో చిన్నప్పుడంతా నేనే నడిపాను. నీకేమన్నా అయితే పట్టుకోవడానికి పక్కనే ఉంటా."

ఆవిడ గుమ్మడికాయ ముడి బిగించుకుంది. అవతలి గట్టున దిగాల్సిన చోటు మాకు సరిగ్గా ఎదురుగా ఉంది: తెల్లటి నీళ్ళ ట్యాంకు, దాని కింద రాతి మెట్లు. నేను పడవ ముక్కును ట్యాంకు మీదికి తిప్పి తెడ్లు వేశాను. ఆవిడ నీళ్ళలో పడి, ట్యాంకును వదిలేసి, బాగా ఎగువన ఉన్న పాత ఇటుక బట్టీ పొగగొట్టం వైపు ఈదడం మొదలుపెట్టింది.

"ఇటు! ఇటు! వంకర పోతున్నావ్!" అని అరిచాను.

నీళ్ళలో చెవులు, ఏం వినబడుతుంది! మధ్యమధ్య మొసలిలా కళ్ళు మాత్రం పైకెత్తి పొగగొట్టాన్ని చూసుకుంటోంది, మళ్ళీ తల ముంచుతోంది. పోనీలే, దగ్గర దారి చూపిస్తే తనే వస్తుందని నేను ఇంకా గట్టిగా తెడ్లు వేశాను. ఏటి నడిమికి వచ్చేసరికి ట్యాంకు నాకు ఎదురుగా లేదు. కాస్త ఎడమకి జరిగినట్టుంది. పడవ ముక్కు మళ్ళీ దానిమీదికి తిప్పాను. అది ఇంకా జరిగింది. కట్టడం జరగదన్న ఇంగితం అప్పుడు కలిగింది. నాకు చేతులు పడిపోయాయి. ట్యాంకు వెనక్కి, వెనక్కి పోయింది. చివరికి పడవ దిగువన రెల్లుపొదలో దూరి, ఎటూ కదలక ఆగింది.

వెనక్కి తిరిగి చూస్తే మా ఆవిడ రాతి మెట్ల మీద, సరిగ్గా ట్యాంకు కింద, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

తరవాత లేచి, ప్రవాహం వెంట హాయిగా ఈదుకుంటూ నా దగ్గరికి వచ్చింది. రెల్లు పక్కకు తోసి, పడవ అంచు పట్టుకుని, నవ్వు ఆపుకోలేకపోయింది. "నన్ను పట్టుకోవడానికి వచ్చినవాళ్ళని నేను పట్టుకోవాల్సొచ్చింది."

"ఎదురుగా ఉన్నదాని మీదికే కదా నడిపాను!"

"చెరువులో అయితే అది చాలండీ. ఇది ఏరు. మీరు అవతలికి పోయేలోపు మిమ్మల్ని కిందకి లాగుతుంది. ట్యాంకు దగ్గర దిగాలంటే పొగగొట్టానికి గురి పెట్టాలి. కిందకి లాగడం సంగతి ఏరు చూసుకుంటుంది."

నేను తెడ్డు వదిలేసి ఆవిడ మొహంలోకి చూశాను. "ఇది బేరమే కదే!"

"ఏంటి?"

"కావాల్సిన ధర దగ్గర మొదలుపెడితే ఎప్పుడైనా కావాల్సిన ధరకు తెగుతుందా? పైన మొదలుపెట్టాలి. ఎదుటివాడు ఎలాగూ కిందకి లాగుతాడు. ముప్ఫై ఏళ్ళుగా నేను చేస్తున్నది ఇదే! నువ్వు ప్రిన్సిపాల్‌ని 'నన్ను ఈదనివ్వండి' అని అడిగితే ముంచేస్తాడు. ఎగువకి కొట్టు. బ్రిడ్జీలు, ఆనకట్టలు కట్టబోయే పిల్లలు ఒక్కరికీ ఈత రాదు, అందరికీ ఏట్లో ఈత నేర్పాలి, నేనే నేర్పుతాను అని అడుగు. ఆయన హడలిపోయి, 'అమ్మా, పిల్లల్ని వదిలెయ్, నువ్వొక్కదానివే ఈదుకో' అంటాడు. అక్కడ దిగిపో."

ఆవిడ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. "బాగానే ఉంది," అంది. ఆ తరవాత నన్ను, పడవను కలిపి రెల్లులోంచి బయటికి లాగింది.

మీటింగు రోజు నాకు కొట్లో కాలు నిలవలేదు. ఒకడు వాల్వు అడిగితే మూత ఇచ్చాను. సాయంత్రం ఆవిడ వచ్చి మళ్ళీ పైపుల కట్ట మీదే కూర్చుంది.

"అడిగావా?"

"అడిగాను. అచ్చం మీరు చెప్పినట్టే. అందరి మొహాలూ చూడాలి మీరు! పక్కన లెక్కల మేడం బల్ల కింద నా కాలు తొక్కింది. 'ఈ వయసులో నీకిదేం పోయేకాలమే, మోకాళ్ళ నొప్పులు రావాల్సిన వయసు' అని గొణిగింది."

"ఆయన కిందకి లాగాడా?"

"లాగాడు. 'పిల్లల జోలికి పోకండమ్మా. మీ సరదా మీరు కానివ్వండి. కాకపోతే వంతెన దగ్గర వద్దు, దూరంగా ఎక్కడైనా, ఎవరికీ కనబడకుండా ఈదుకోండి. కుర్చీ మీదే' అన్నాడు."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అంతకంటే మంచి బేరం నా జన్మలో చూడలేదు. "బేరం ఖాయం చేసేశావుగా?"

"లేదు."

"లేదా!"

"కనబడకుండా అన్నాడండీ."

"అంటే అన్నాడు! కుర్చీ వచ్చింది, ఏరు మిగిలింది, ఇంకేం కావాలి నీకు?"

"గుమ్మడికాయ ఎందుకు కట్టుకుంటాను నేను?" అంది. గొంతు పెంచలేదు. "కనబడటానికి. లేచి అదే చెప్పాను. 'సార్, నీళ్ళలో కనబడనివాళ్ళ మీది నుంచే పడవలు పోతాయి. నేను వంతెన దగ్గరే ఈదుతాను. కనబడేలాగే ఈదుతాను. పిల్లల సంగతి కూడా ఊరికే అడగలేదు, నిజంగానే అడిగాను' అని కూర్చున్నాను."

నేను పైన అడగడం నేర్పింది కింద దిగడానికి. ఈవిడ పైనే ఉండిపోయింది. నా వ్యాపారంలో దీనికి లెక్క లేదు. కోపంతో కొట్టు ముందుకు పోయి నిలబడ్డాను. బస్సులు, బళ్ళు, మనుషులు. ప్రతివాడూ హారన్ కొడుతున్నాడు, చెయ్యి ఊపుతున్నాడు, లైటు వేస్తున్నాడు. అంతా ఎదుటివాడి కంట పడటానికే. ఎంతసేపు నిలబడ్డానో గానీ, లోపలికి వచ్చేసరికి ఆవిడ ఎవరికో పైపు కొలిచి ఇస్తోంది, బెత్తెడు తగ్గకుండా.

కుర్చీ ఆవిడ కంటే చిన్నవాడికి పోయింది. ఆ వారమే, ఏళ్ళుగా మా కొట్లోనే సరుకు కొనే కాలేజీ నుంచి స్టోరు గుమాస్తా వచ్చి, గొంతు తగ్గించి, "ఈసారి మోటార్లు ఇంకోచోట కొంటారట, మీకు ముందే చెబుదామని," అన్నాడు.

"కొనుక్కోమను బాబూ," అన్నాను. "పాడైతే బాగుచేయడానికి నా దగ్గరికే తెస్తారు. అప్పుడు మీ సారుకు ఏటి గురించి నేను పాఠం చెబుతా."

నష్టమా అంటే నష్టమే. కుర్చీ పోయింది, పెద్ద ఖాతా పోయింది. ఒకటి రెండు రాత్రులు ఆవిడ నిద్రలో అటూ ఇటూ దొర్లడం నేను విన్నాను. పొద్దున అడిగితే, "ఆ కాలవ నమూనా ఇక ఎప్పటికి బాగుపడుతుందో," అంది. అయినా లేచి టోపీ వెతుక్కుంది. నేను కాంట్రాక్టరు నా దగ్గరే ఉంచిన పడవ తాళం తీసుకున్నాను. ఇప్పుడు రోజూ వెళుతున్నాను. పడవ ముక్కు పొగగొట్టం వైపే తిప్పుతున్నాను. ట్యాంకు దగ్గరికి ఇంకా సరిగ్గా చేరడం లేదు గానీ, రెల్లులోకి మాత్రం పోవడం లేదు.

అలా ఒక ఆదివారం, వంతెన పక్కన అందరూ నడిచే చోటే మేం దిగబోతుంటే, గట్టు మీద ఒకావిడ నిలబడి ఉంది. వదులు ప్యాంటు, మగవాళ్ళ చొక్కా, చేతిలో తువ్వాలు. మోకాళ్ళ నొప్పుల లెక్కల మేడం.

అటూ ఇటూ చూసి, "ఏమే, నీళ్ళు చల్లగా ఉంటాయా?" అంది.

"ఉంటాయి," అంది మా ఆవిడ.

"లోతా?"

"లోతే. ముందు గట్టు పట్టుకునే నేర్చుకుందువు గాని."

"నడిచేవాళ్ళందరూ చూస్తారేమోనే!"

"చూస్తారు. దిగు."

నేను పడవ అడుగున చెయ్యి పెట్టి రెండో గుమ్మడికాయ బయటికి తీశాను. ఏ సరుకైనా ఒక్కటే తెచ్చుకుని కూర్చునేవాణ్ణి కాదు నేను.