ఎత్తు ఎక్కనన్న కారు

పురిటినొప్పులు పడుతున్న మనవరాలిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. దాని మొగుడి పాత ఖరీదైన కారు పెళ్లికొడుకులా మెరుస్తుంది గానీ, ఎత్తు రాగానే నత్తలా పాకసాగింది. అతను ఎంత తొక్కినా వేగం అందుకోవడం లేదు. వెనకసీట్లో మనవరాలు నా చెయ్యి నలిపేస్తోంది.

"నిన్నటిదాకా గుర్రంలా ఉరికింది, అమ్మమ్మగారూ."

"మరి ఇవాళ కొత్తగా ఏం చేశావు, నాయనా?"

అతను అద్దంలోంచి భార్య వైపు చూశాడు.

"నా ఉమ్మనీరు పడి కారు పాడవుతుందని అంతటా మందపాటి మ్యాట్లు పరిచాడు," అంది మనవరాలు పళ్లబిగువున.

కారు ఆపి వంగి చూశాడు. మ్యాటు ముందుకు జరిగి, పెడల్ కింద ముడుచుకుని, దాన్ని పూర్తిగా దిగనివ్వడం లేదు. లాగి అవతల పారేశాడు. ఈసారి తొక్కగానే కారు ఎత్తు ఎక్కేసింది.

"కారు పాడైతే పాడవనీ, నువ్వు కాస్త ఓర్చుకో," అన్నాడు భార్యతో.

"ఆ ముక్క ఇంటి దగ్గరే అనాల్సింది," అంది మనవరాలు, ఆసుపత్రి గేటు కనిపిస్తుండగా.